జలపరీక్షకుడు

కందిపప్పు మెత్తగా ఉడికిన నీరు మంచినీరు. పప్పు ఉడకక బద్దలుగా మిగిలిన నీరు ఉప్పునీరు. తెలుగుపల్లెలలో ఇల్లాండ్రు తరతరములుగా చేయుచు వచ్చిన జలపరీక్ష ఇది. సబ్బునకు నురుగు వచ్చుచున్నదా, పుక్కిట పట్టిన నీరు నాలుకకు ఎట్లు తోచుచున్నది అనునవి దీనికి తోడైన పరీక్షలు. వరదనీరు బురదగా వచ్చినపుడు చిల్లగింజను అరగదీసి కుండలో కలిపి, నీటిని తేర్చుకొనుట కూడ పూర్వులకు తెలియును. ఈ పరీక్షలను చూచి నవ్వవలసిన పని లేదు. కాల్షియము, మెగ్నీషియము లవణములు అధికముగా నున్న నీటిలో పప్పు ఉడకదు. సబ్బు నురుగు రాదు. రసాయనశాస్త్రము దీనినే కాఠిన్యమని పేర్కొనుచున్నది. వంటింటి పరీక్ష ఈ కాఠిన్యమును చాలవరకు సరిగానే పట్టి యిచ్చును.

అయితే ఈ పరీక్షలకు చిక్కని దోషములు కొన్ని కలవు. వానిలో ఫ్లోరైడు ఒకటి. ఫ్లోరైడు ఎక్కువగా నున్న భూగర్భజలములో సాధారణముగా కాల్షియము తక్కువగను, సోడియము, బైకార్బొనేటు ఎక్కువగను ఉండును. అట్టి నీటిలో పప్పు హాయిగా ఉడుకును. ఆ నీరు తేటగా నుండును. దానికి వాసన యుండదు. నాలుకకు దోషము తెలియదు. వంటింటి పరీక్షలన్నిటిలో మొదటి తరగతిలో నెగ్గిన నీరే పిల్లల పలువరుసపై గోధుమరంగు చారలను, పెద్దల కీళ్లలో బిగువును, నడుమున వంపును తెచ్చిపెట్టవచ్చును. కావున కంటికిని నాలుకకును అందని దానిని అంకెలలో చెప్పగల వ్యక్తి ఊరికి అవసరమగుచున్నాడు. అతడే జలపరీక్షకుడు, అనగా నీటి గుణమును పరీక్షించు రసాయనజ్ఞుడు. ఈ పనిలో నేడు స్త్రీలును అనేకులు కలరు. 'అతడు' అనుట వాడుకను బట్టి మాత్రమే.

అతనికి ఉండవలసిన యోగ్యత యేమని యడిగినచో చాలమంది ఒక పట్టము పేరు చెప్పి యూరకుందురు. అది సగము సమాధానము మాత్రమే. మిగిలిన సగము ఏ విశ్వవిద్యాలయపు పట్టము మీదను వ్రాయబడదు.

తెలుగువారికి ఫ్లోరైడు కథ క్రొత్తది కాదు. 1930 దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లాలో ఎడ్లు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను రైతులు మొదట గుర్తించిరని చెప్పుదురు. తరువాత అదే బాధ మనుష్యులలో కనబడినది. షార్ట్, పండిట్, రాఘవాచారి అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ జిల్లాలోని వ్యాధిని పరిశోధించి, అది త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన కలుగుచున్నదని 1937లో ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి వైజ్ఞానిక నివేదిక అదియే.

అంతకు ఆరేండ్లకు పూర్వము వరకు, త్రాగునీటిలో ఫ్లోరైడు కొరకు వెదకవలెనను తలంపే లోకములో దాదాపు ఎవరికిని లేదు. ఆ తలంపు ఎట్లు కలిగినదో తెలిసికొనుట మంచిది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున బాక్సైటు అను చిన్న ఊరు కలదు. 1909లో ఆ ఊరు పాత బావులను విడిచి, లోతైన బావుల నీటికి మారినది. ఆ తరువాత పుట్టి పెరిగిన పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు కనబడజొచ్చినవి. ఇట్టి మచ్చలను గూర్చి 1901 నుండి శోధించుచున్న మెకే అను దంతవైద్యుడు 1920 దశకమున అచటికి వచ్చి, దోషము నీటిలోనే యున్నదని నమ్మెను. కాని నీటిని పరీక్షించిన వారికి అందు ఏ దోషమును కనబడలేదు. కనబడకపోవుటకు కారణము వారి అశ్రద్ధ కాదు. నీటిలో సాధారణముగా ఉండు పదార్థములను వారు వెదకిరి. అవి సరిగానే యున్నవి.

చివరకు ఒక అల్యూమినియము కంపెనీకి ప్రధాన రసాయనజ్ఞుడుగా నున్న చర్చిల్ పర్యవేక్షణలో ఆ నీరు వర్ణపట పరీక్షకు వచ్చినది. (ఈ చర్చిల్‌కును బ్రిటిషు ప్రధానమంత్రికిని ఏ సంబంధమును లేదు.) పరీక్ష చేసిన పెట్రీ అను సహాయకుడు ఆ నీటిలో ఫ్లోరైడు మిక్కుటముగా నున్నదని చెప్పినపుడు చర్చిల్ నమ్మలేదు. నమూనా ఎచ్చటనో మలినమై యుండునని తలచి, మరియొక సీసా నీటిని తెప్పించెను. రెండవ సీసాయు అదే చెప్పినది. లీటరుకు 13.7 మిల్లీగ్రాములు! నేడు భారత ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతింపబడును. 1931లో చర్చిల్ ఈ విషయమును ప్రకటించిన పిదప లోకములోని ప్రయోగశాలలన్నియు ఫ్లోరైడును వెదకుట మొదలిడినవి.

ఈ వృత్తాంతములో వర్ణపట యంత్రమును మెచ్చుకొనువారే ఎక్కువ. నిజమునకు మెచ్చుకొనదగినది ఆ రెండవ సీసా. ఆశ్చర్యకరమైన అంకె కనబడినపుడు మొదట తన సీసాను అనుమానించుట, అనుమానము తీరిన పిదప ఆ అంకెను దాచక ప్రకటించుట, ఈ రెండును కలిసిననే జలపరీక్షకుడగును. మొదటిది మాత్రమే కలవాడు ఏ అంకెను ప్రకటింపడు. రెండవది మాత్రమే కలవాడు ఊరిని ఊరక భయపెట్టును.

సామాన్యముగా జలపరీక్షకుని పని యనగా తెల్లని అంగరఖా, గాజునాళికలు కన్నులకు కట్టును. కాని ఆ పని ప్రయోగశాలలో మొదలు కాదు, బావిగట్టున మొదలగును. సీసాను సరిగా నింపనిచో ఎంత ఖరీదైన యంత్రమైనను అబద్ధమే చెప్పును. బోరుగొట్టములో రాత్రియంతయు నిలిచిన నీరు భూమిలోని నీటికి ప్రతినిధి కాదు; కావున కొంతసేపు పంపు కొట్టి, ఆ నీటిని విడిచి, తరువాత వచ్చిన నీటిని పట్టవలెను. ఫ్లోరైడు పరీక్షకు ప్లాస్టిక్ సీసా కావలెను. ఏలయన గాజుతో ఫ్లోరైడునకు పొత్తు మంచిది కాదు. లోహముల పరీక్షకైనచో సీసాలో నత్రికామ్లము కొద్దిగా కలుపవలెను. లేనియెడల లోహము సీసా గోడలకు అంటుకొని లెక్కలో తగ్గును. సూక్ష్మజీవుల పరీక్షకైనచో సీసాను ముందే వేడిచే శుద్ధి చేసి, క్లోరినును విరుచు మందు అందులో వేసి, నీరు పట్టిన వెంటనే మంచులో నుంచి, ఒక దినములోపల ప్రయోగశాలకు చేర్పవలెను. ఇక నదిలో కరిగియున్న ప్రాణవాయువును కొలుచుట మరింత తొందరపని. సీసా జీపులో ఊగుచు పట్టణము చేరులోపల ఆ వాయువు హెచ్చుతగ్గులగును. అందుచేత ఏటియొడ్డుననే రెండు ద్రావణములు పోసి దానిని సీసాలో బంధింపవలెను. హంగేరీ దేశీయుడగు వింక్లర్ 1888లో చెప్పిన ఈ ఉపాయము నేటికిని వాడుకలో నున్నది.

బోరునీటిని కొంతసేపు విడిచి పట్టవలెనని పైన చెప్పబడినది. నీటిగొట్టములలోని సీసమును పరీక్షించునపుడు మాత్రము సరిగా దీనికి విరుద్ధముగా చేయవలెను. రాత్రియంతయు గొట్టములో నిలిచి సీసమును కరగించుకొన్న నీరే ఇంటివారు ప్రొద్దున త్రాగు నీరు. కావున కొళాయి త్రిప్పగానే వచ్చిన మొదటి లీటరును పట్టవలెను. ఈ చిన్న భేదమును విస్మరించినచో ఏమగునో అమెరికాలోని ఫ్లింట్ నగరము చూపినది.

2014 ఏప్రిలులో ఆ నగరము ఖర్చు తగ్గించుకొనుటకై డెట్రాయిటు నుండి వచ్చుచున్న సరస్సునీటిని మాని, ఫ్లింట్ నదినీటిని గ్రహించుట ఆరంభించినది. గొట్టములను తినివేయకుండ నీటిలో కలుపవలసిన రసాయనమును అధికారులు కలుపలేదు. పాత గొట్టములలోని సీసము నీటిలోనికి దిగినది. నీటి రంగును, వాసనను గూర్చి ప్రజలు మొరపెట్టుకొనిరి. నీరు క్షేమమే యని వారికి బదులు వచ్చినది. నమూనా పట్టుటకు ముందురాత్రి కొళాయిని కొంతసేపు విడిచిపెట్టవలెనని ఇంటివారికి సూచింపబడినది. అట్లు చేసినచో సీసము తక్కువగా కనబడుననుట ఏ జలపరీక్షకునికైనను తెలియవలసిన విషయము. అంతకంటె విచారకరమైనది వేరొకటి కలదు. 2015లో సీసము అధికముగా నున్న రెండు నమూనాలు లెక్కనుండి తొలగింపబడినవి. దానితో నగరపు అంకె లీటరుకు 15 మైక్రోగ్రాములను హద్దునకు లోబడినది! అదే సంవత్సరమున వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ ఎడ్వర్డ్స్ బృందము ఇంటింటికి సీసాలు పంపి, నివాసుల చేతనే సక్రమముగా నీరు పట్టించి, సీసమును బయటపెట్టినది. మోనా హన్నా అటీషా అను పిల్లల వైద్యురాలు చిన్నారుల రక్తములో సీసము పెరిగినదని చూపెను. 2015 అక్టోబరులో నగరము తిరిగి డెట్రాయిటు నీటికి మారినది. ఫ్లింట్‌లో లోపించినది రసాయనశాస్త్రము కాదు. దానిని పలుకు నోరు.

నమూనా ప్రయోగశాలకు చేరిన పిదప జరుగు పని చూచువారికి ఆటవలె కనబడును. క్లోరైడును కొలుచుటకు నీటిలో పొటాషియము క్రోమేటు కొద్దిగా కలిపినచో నీరు పసుపురంగు దాల్చును. పైనుండి సిల్వర్ నైట్రేటును బొట్టు బొట్టుగా విడుచుచు పోగా, ఒక బొట్టు దగ్గర ఇటుకరంగు తొంగిచూచును. అచటనే చేయి ఆగవలెను. కాఠిన్యమును కొలుచునపుడు ద్రాక్షరంగు నీలమగును. రంగు మారు ఆ ఒక్క బొట్టును గుర్తించుటకు కన్నును, ఆగుటకు చేయియు నేర్వవలెను. ఇది పుస్తకము వలన వచ్చునది కాదు. పెద్ద ప్రయోగశాలలలో నేడు సీసము, ఆర్సెనిక్ వంటి వానిని లీటరులో మైక్రోగ్రాముల వరకు కొలువగల యంత్రములు కలవు. వాని సంగతి చెప్పినచో చాలసేపు పట్టును. చెప్పకపోయినను నష్టము లేదు.

చెప్పకుండ విడువరాని సంగతి ఒకటి కలదు. నీటిలో కరిగిన లవణములు ధనావేశము, ఋణావేశము గల అయానులుగా విడిపోయి యుండును. సోడియము, కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము ఒక వైపు. క్లోరైడు, సల్ఫేటు, బైకార్బొనేటు, నైట్రేటు మరియొక వైపు. ప్రకృతిలో ఈ రెండు వైపుల ఆవేశములును సమానమై తీరవలెను. జలపరీక్షకుడు ఒక్కొక్క దానిని వేరువేరుగా కొలిచి, చివరకు రెండు వైపుల మొత్తములను కూడి చూచుకొనును. కిరాణా వర్తకుడు రాత్రి దుకాణము కట్టునపుడు జమాఖర్చులు సరిచూచుకొనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. మొత్తములు కలియనిచో ఎచ్చటనో తప్పు దొర్లినదన్నమాట. పై అధికారి అడుగకపోయినను ఈ లెక్క చూచుకొనువాడే పనివాడు.

ఇక పట్టము సంగతి. రసాయనశాస్త్రము ప్రధానముగా బి.యస్సీ. చదివినవారు ఈ పనిలో ప్రవేశింపవచ్చును. విశ్లేషణ రసాయనములో గాని, పర్యావరణ రసాయనములో గాని ఎం.యస్సీ. చేసినవారికి పై బాధ్యతలు దక్కును. సూక్ష్మజీవశాస్త్రము, భూగర్భశాస్త్రము, గణాంకశాస్త్రము కొంత కొంత తెలిసియుండుట అవసరము. భూమిలోని రాయిని ఎరుగనివాడు ఆ రాతిలోని నీటిని పూర్తిగా ఎరుగడు. త్రాగునీటికి భారత ప్రమాణమైన ఐ.ఎస్. 10500 లోని హద్దులు అతనికి కంఠస్థము కావలెను: నైట్రేటు 45 మిల్లీగ్రాములు, సీసము 0.01 మిల్లీగ్రాము, ఆమ్లక్షార సూచిక 6.5 మొదలు 8.5 వరకు, ఇట్లు.

యంత్రములు వచ్చిన పిదప ఇంత చదువెందుకు, మీట నొక్కి అంకె చదువువాడు చాలడా యని యడుగువారు కలరు. దీనికి నల్లగొండయే సమాధానము చెప్పగలదు. నీటిలోని ఫ్లోరైడును తగ్గించుటకై నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున ఒక సులభమార్గమును రూపొందించినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి నీటిలో కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టుటయే ఆ మార్గము. ఫ్లోరైడు పీడకు పేరుబడిన జిల్లా పేర దానికి నల్లగొండ పద్ధతి యను పేరు వచ్చినది. ఆఫ్రికా దేశములు కొన్నిట కూడ దానిని ప్రయోగించి చూచిరి. పటిక ఎంత వేయవలెననునది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి యుండును. ఒక ఊరి కొలత మరియొక ఊరికి పనికిరాదు. శుద్ధియైన నీటిని ఎలక్ట్రోడు యంత్రముతో పరీక్షించునపుడు వేరొక చిక్కు కలదు. పటికలోని అల్యూమినియము కొంత నీటిలో మిగిలి ఫ్లోరైడును తనలో ముడివేసికొనును. ఆ ముడిని విప్పు ద్రావణమును ముందుగా కలుపనిచో యంత్రము ఫ్లోరైడు తక్కువగా నున్నట్లు చూపును. మీట నొక్కువాడు సంతోషించి అదే వ్రాసికొనును. ఊరివారు ఫ్లోరైడునే త్రాగుచుందురు. చదువు అవసరమగునది ఇచ్చటనే.

తెలంగాణలో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలములను శుద్ధి చేసి ఇండ్లకు చేర్చుట వలన నల్లగొండ పల్లెలకు గొప్ప మేలు కలిగినది. అంతమాత్రమున జలపరీక్షకునికి సెలవు దొరకలేదు. గొట్టము పగిలినచో మురుగు లోపలికి చొరబడును; కొళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియున్నదో లేదో చూడవలెను.

తెలిసినది చెప్పుటకు ధైర్యము కావలెననుట అందరెరిగినదే. తెలియనిది చెప్పకుండుటకు కూడ అంత ధైర్యము కావలెను. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను కృంగదీసినది. అచటి నీటిని ఎందరో పరీక్షించిరి. సిలికా యని, భారలోహములని, పురుగుమందులని, ఎండలో చెమటోడ్చి నీరు తక్కువగా త్రాగుటయని పలు అనుమానములు బయలుదేరినవి. ఇంతవరకు ఏ ఒక్కటియు నిస్సంశయముగా కారణమని తేలలేదు. దుఃఖములో నున్నవారు కారణము చెప్పుమని కోరుట సహజము. వారి యెదుట నిలిచి, కొలిచినది ఇంత, దీనివలన తేలినది ఇంత, ఇంకను తేలవలసినది ఇది యని చెప్పుట కష్టమైన పని. అయినను వేడివేడిగా ఒక దోషిని చూపించువానికంటె ఇట్లు చెప్పువాడే ఆ ఊరికి ఆప్తుడు.

ఇందువలన ప్రభుత్వములు చేయవలసినదియు కొంత కలదు. నేడుండి రేపు పోవు తాత్కాలికోద్యోగి, తన పై అధికారికి ఇష్టము కాని అంకెను నిర్భయముగా వ్రాయునని ఆశించుట న్యాయము కాదు. అతనికి స్థిరమైన కొలువును, తాను సంతకము చేసిన అంకెను తన సమ్మతి లేక ఎవరును మార్పరాదను రక్షణయు కావలెను. మరియు ఆ అంకె కచేరీ దస్త్రములలో నిద్రింపరాదు. బంగ్లాదేశములో లక్షలకొలది గొట్టపుబావుల నీటిలో ఆర్సెనిక్ బయటపడినపుడు, 2000 తరువాతి సంవత్సరములలో బావులను పరీక్షించి, చెడ్డనీటి పంపులకు ఎరుపురంగును, మంచినీటి పంపులకు పచ్చరంగును పూసిరి. అక్షరములు రాని ముదుసలికి కూడ పరీక్షాఫలితము తెలిసినది. ప్రతి తెలుగుపల్లెలో పంచాయతీ గోడమీద ప్రతి బావి పేరును, పరీక్షించిన తేదీయు, ఫలితమును తెలుగులో వ్రాయించుట కష్టమా? సున్నము, కుంచె ఉన్న చాలును.

కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీల చొప్పున నీటిపరీక్షలో శిక్షణ నిచ్చు ఏర్పాటు జరిగినది. చిన్న పెట్టెలోని మందును నీటిలో కలిపి, వచ్చిన రంగును పటములోని గడులతో పోల్చి చూచుట వారి పని. కందిపప్పుతో నీటిని పరీక్షించిన ఇల్లాలి చేతికే ఈ పెట్టె వచ్చుట సమంజసముగా నున్నది. అయితే వచ్చిన రంగు రెండు గడుల నడుమ నిలిచినపుడు ఆమె ఊహించి వ్రాయరాదు. సీసాపై బావి పేరు, తేదీ, వేళ వ్రాసి జిల్లా ప్రయోగశాలకు పంపవలెను. రసాయన పరీక్ష సంవత్సరమునకు ఒకసారి, సూక్ష్మజీవుల పరీక్ష రెండుసార్లు జరుగవలెనని నియమము. భూగర్భజలము మట్టము దిగినకొలది గుణము మారుచుండును గనుక, ఫ్లోరైడు ప్రాంతములలో ఆ ఒక్కసారి చాలదు. ఎండలు ముదిరినపుడు ఒకసారి, వానలు వెలసిన పిదప ఒకసారి సీసా నింపుట మంచిది.